సీడీ4 రిపోర్టుకు అందని జబ్బు: లింఫు గ్రంథుల్లో హెచ్‌ఐవీ ఏం చేస్తుంది?

హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో రక్తం ఇచ్చాక, రిపోర్టు చేతికి రాగానే అందరూ ముందుగా వెతికేది ఒకే అంకె. సీడీ4 ఎంత? రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాల లెక్క అది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఘన మిల్లీమీటరు రక్తంలో ఈ కణాలు 500 నుంచి 1500 దాకా ఉంటాయి. 200 కంటే తగ్గితే ఎయిడ్స్ దశ కింద లెక్క. అంకె పెరిగితే ఊరట, తగ్గితే ఆ పూట ముద్ద దిగదు.

ఆ అంకె ముఖ్యమే. అయితే అది దేన్ని లెక్కపెడుతోందో కూడా తెలిసి ఉండాలి. మన ఒంట్లోని లింఫోసైట్లలో (సీడీ4 కణాలు వీటిలో ఒక రకం) ఏ సమయాన చూసినా రక్తంలో తిరుగుతూ ఉండేవి సుమారు 2 శాతమే. మిగతావి లింఫు గ్రంథుల్లో, ప్లీహంలో, పేగు గోడల్లో, ఎముక మజ్జలో ఉంటాయి. హెచ్‌ఐవీ పెరిగేదీ, కణాలు చచ్చిపోయేదీ ప్రధానంగా అక్కడే. రక్తంలో కనపడేది ఆ నష్టం తాలూకు ఆనవాలు మాత్రమే, అదీ ఆలస్యంగా కనపడుతుంది. "నాకు ఒంట్లో బాగానే ఉంది, ఇప్పట్నుంచే మందులెందుకు?" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అడగడంలో తప్పేమీ లేదు. దానికి సరైన జవాబు కావాలంటే గ్రంథుల లోపలికి వెళ్లి చూడాలి.

అసలు ఈ వైరస్ మొదట పట్టుబడింది కూడా గ్రంథిలోనే. 1983 జనవరిలో పారిస్‌లో డాక్టర్ విల్లీ రోజెన్‌బామ్ తన దగ్గరికి వచ్చిన ఒక రోగి మెడలో వాచిన గ్రంథి నుంచి చిన్న ముక్క తీయించి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌కు అందించారు. ఆ రోగికి అప్పటికి జబ్బు ముదరలేదు, గ్రంథులు వాచాయంతే. కావాలనే అలాంటి రోగిని ఎంచుకున్నారు. ముదిరిన రోగుల్లో సీడీ4 కణాలు దాదాపు తుడిచిపెట్టుకుపోతాయి కాబట్టి వాటిని చంపినదేదో అక్కడ దొరకడం కష్టం, తొలి దశలోనే వెతకాలి అన్నది వాళ్ల ఆలోచన. ఆలోచన ఫలించింది. ఫ్రాన్స్వాజ్ బారే-సినూసీ, లూక్ మోంటానియే బృందం ఆ ముక్కలోని కణాల్ని పెంచి, కొత్త రెట్రోవైరస్‌ను పట్టుకుంది. ఆ ఏడాది మే నెలలో సైన్స్ పత్రికలో ఆ సంగతి అచ్చయింది. దానికి వాళ్లు పెట్టిన మొదటి పేరు 'లింఫడెనోపతీ అసోసియేటెడ్ వైరస్', అంటే గ్రంథుల వాపుతో ముడిపడిన వైరస్. హెచ్‌ఐవీ అన్న పేరు 1986లో స్థిరపడింది. బారే-సినూసీ, మోంటానియేలకు 2008లో నోబెల్ వచ్చింది.

గ్రంథి లోపల

మన ఒంట్లో సుమారు 600 లింఫు గ్రంథులుంటాయి. మామూలుగా సెంటీమీటరు కంటే చిన్నవి, చేతికి తగలవు. కాలికి పుండైనప్పుడు గజ్జల్లో బిళ్ల కట్టిందంటామే, ఆ బిళ్ల పని చేస్తూ వాచిన లింఫు గ్రంథే.

ఆరోగ్యంగా ఉన్న గ్రంథిని పల్చగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే లోపల చాలా క్రమం కనిపిస్తుంది. పై అంచు వెంబడి గుండ్రటి కణాల గుంపులు. వాటిని ఫాలికల్స్ అంటారు. యాంటీబాడీలు తయారుచేసే బీ కణాలు ఉండేది వీటిలోనే. వాటికి లోపలి వైపు టీ కణాలు కిక్కిరిసిన ప్రాంతం. సీడీ4, సీడీ8 రెండూ టీ కణాలే. ఎప్పుడు ఏం చేయాలో మిగతా కణాలకు సంకేతాలిచ్చేవి సీడీ4 కణాలు. వైరస్ సోకిన కణాల్ని వెతికి చంపేవి సీడీ8 కణాలు. ఇవన్నీ ఊరికే కుప్పగా పడి ఉండవు. గ్రంథి అంతటా సన్నటి పీచుల అల్లిక పరుచుకుని ఉంటుంది. ఆ పీచుల్ని అల్లి, వాటిని చుట్టుకుని ఉండే కణాలను ఫైబ్రోబ్లాస్టిక్ రెటిక్యులర్ కణాలంటారు. పేరు పొడుగు కాబట్టి ఇక్కడ వాటిని అల్లిక కణాలందాం. టీ కణాలు ఈ అల్లిక మీదుగానే పాకుతూ తిరుగుతాయి.

చర్మంలో, పేగుల్లో, జననాంగాల పొరల్లో కాపు కాసే డెండ్రైటిక్ కణాలు క్రిమి దొరికితే దాని ముక్కల్ని మోసుకుని లింఫు నాళాల గుండా ఇక్కడికి వస్తాయి. రక్తంలోంచి టీ కణాలు ప్రత్యేకమైన సిరల గోడలు దాటి లోపలికి దిగుతాయి, డెండ్రైటిక్ కణాల్ని ఒక్కొక్కదాన్నీ తడుముతూ తిరుగుతాయి. తమకు సరిపడే ముక్క దొరక్కపోతే ఒక రోజులోపే బయటపడి మరో గ్రంథికి పోతాయి. దొరికితే అక్కడే ఆగి, ఉత్తేజితమై, విభజన చెంది వేల సంఖ్యలో పెరుగుతాయి. మనకు చాలా ఇన్‌ఫెక్షన్లు తగ్గేది ఈ కలయిక వల్లే.

హెచ్‌ఐవీకి కావలసినవీ సరిగ్గా ఇవే. అది కణంలోకి దూరాలంటే కణం పైపొర మీద సీడీ4 గ్రాహకం, అంటే వైరస్ పట్టుకోవడానికి వీలిచ్చే ప్రొటీన్ ఉండాలి, దాంతోపాటు మామూలుగా సీసీఆర్5 అనే మరో గ్రాహకమూ ఉండాలి. దూరాక బాగా పెరగాలంటే ఆ కణం ఉత్తేజితమై ఉండాలి. అలాంటి కణాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఇంత దగ్గరగా ఉండే చోటు లింఫు కణజాలం తప్ప మరొకటి లేదు. ఇక్కడ వైరస్ రక్తంలో కొట్టుకుపోతూ తనకు తగిన కణం తగిలేదాకా ఆగనక్కర్లేదు. సోకిన కణం పక్కదాన్ని ఆనుకున్న చోటు నుంచే నేరుగా అవతలికి దాటిపోతుంది.

జ్వరం తగ్గాక

లైంగికంగా సోకిన సందర్భాల్లో చాలాసార్లు మొదట నిలదొక్కుకునేది ఒకే ఒక్క వైరస్. అది పొర కింద ఉన్న కొద్ది కణాల్లో పెరిగి, కొద్ది రోజుల్లో దగ్గర్లోని గ్రంథికి చేరుతుంది. డెండ్రైటిక్ కణాలు దాన్ని తమ పైపొరకు అంటించుకుని మోసుకొస్తాయి. అంటే రక్షణ కోసం ఏర్పడిన దారినే వైరస్ వాడుకుంటుంది. అక్కడి నుంచి ఒంట్లోని గ్రంథులన్నిటికీ, పేగు గోడల్లోని లింఫు కణజాలానికీ పాకుతుంది. పేగుల్లోని సీడీ4 కణాలు తొలి వారాల్లోనే పెద్ద ఎత్తున నశిస్తాయి. రక్త పరీక్షలో సీడీ4 ఇంకా మెరుగ్గానే కనపడుతున్న రోజుల్లో ఇదంతా జరిగిపోతుంది.

రెండు నుంచి నాలుగు వారాలకు చాలామందికి జ్వరం, గొంతునొప్పి, ఒంటి మీద దద్దుర్లు, మెడలో చంకల్లో బిళ్లలు వస్తాయి. అందరూ మామూలు వైరల్ జ్వరమే అనుకుంటారు. సీడీ8 కణాలు రంగంలోకి దిగాక వైరస్ తగ్గుతుంది, జ్వరం పోతుంది. ఆ తర్వాత మందులు లేకపోయినా సగటున పదేళ్ల దాకా మనిషి మామూలుగా తిరుగుతాడు. పొలానికో ఆఫీసుకో వెళ్తాడు, పెళ్లి చేసుకుంటాడు. ఈ పదేళ్లూ వైరస్ పెద్దగా ఏమీ చేయడం లేదని వైద్యులు కూడా ఒకప్పుడు అనుకున్నారు, ఎందుకంటే రక్తంలో వెతికితే సోకిన కణాలు చాలా తక్కువగా దొరికేవి.

ఆ అభిప్రాయం 1993 మార్చిలో మారిపోయింది. నేచర్ పత్రిక ఒకే సంచికలో రెండు పరిశోధనలు వచ్చాయి. ఒకటి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో జుసెప్పే పాంటలేయో, ఆంథనీ ఫౌచీ బృందానిది. మరొకటి మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాష్లీ హాసే బృందానిది. ఏ లక్షణాలూ లేని దశలో ఉన్నవాళ్ల గ్రంథులు తీసి చూస్తే అక్కడ వైరస్ చురుగ్గా పెరుగుతోంది. రక్తంతో పోలిస్తే గ్రంథుల్లో సోకిన కణాలు ఎన్నో రెట్లు ఎక్కువ. బయటికి ప్రశాంతంగా ఉన్న ఏళ్లన్నీ లోపల ఎడతెగని విధ్వంసమేనని తేలింది. 1995, 96లలో డేవిడ్ హో, జార్జ్ షా, అలన్ పెరెల్సన్ లెక్కలు కట్టారు. చికిత్స లేని మనిషి ఒంట్లో రోజుకు సుమారు 1000 కోట్ల కొత్త వైరస్‌లు పుడుతున్నాయి. సోకిన కణం రెండు మూడు రోజులకు మించి బతకడం లేదు. చచ్చినన్ని కణాల్ని శరీరం మళ్లీ తయారుచేస్తోంది. రిపోర్టులో నిలకడగా కనపడే 600 అనే అంకె వెనక రోజూ ఇంత చావూ, ఇంత పుట్టుకా ఉన్నాయి.

చచ్చే కణాల్లో ఎక్కువ భాగం వైరస్‌ను ఉత్పత్తి చేయనివే

అయితే ఇక్కడొక చిక్కుముడి ఉంది. గ్రంథిలో వైరస్‌ను ఉత్పత్తి చేసే కణాలు లెక్కకు కొన్నే. చచ్చిపోయే సీడీ4 కణాలు మాత్రం అంతకు ఎన్నో రెట్లు. వైరస్ పెరిగి తన కణాన్ని చంపుతుందన్న ఒక్క కారణంతో ఈ లెక్క కుదరదు. మిగతావి ఎందుకు చస్తున్నాయన్న ప్రశ్న పాతికేళ్లు నలిగింది.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్లాడ్‌స్టోన్ సంస్థలో వార్నర్ గ్రీన్, గిలాడ్ డాయిటిష్ బృందం దీనికి ఇచ్చిన జవాబు నాకు ఈ మొత్తం విషయంలోనే అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది. వాళ్లు వాడింది టాన్సిల్స్ ఆపరేషన్‌లో తీసేసిన కణజాలం. టాన్సిల్స్ కూడా లింఫు కణజాలమే కాబట్టి గ్రంథిలో జరిగేది దాదాపు అలాగే అక్కడా జరుగుతుంది. 2010లో, ఆపైన 2014లో వచ్చిన వాళ్ల ఫలితాల ప్రకారం, చచ్చే సీడీ4 కణాల్లో 95 శాతానికి పైగా వైరస్‌ను ఉత్పత్తి చేస్తున్నవి కావు. వాటిలోకి దూరిన వైరస్ మధ్యలోనే ఆగిపోయింది.

అలాంటి ఒక్క కణం దగ్గర ఆగి చూద్దాం. విశ్రాంతిగా ఉన్న సీడీ4 కణం, ఇంకా ఏ పనిలోనూ దిగలేదు. పక్కనే వైరస్‌ను తయారుచేస్తున్న కణం ఒకటి దీన్ని ఆనుకుంది, ఆనుకున్న చోటు నుంచి వైరస్ లోపలికి వచ్చింది. వైరస్ తెచ్చుకున్న జన్యు సమాచారం ఆర్‌ఎన్‌ఏ రూపంలో ఉంటుంది. దాన్ని డీఎన్‌ఏగా తిరగరాస్తే గానీ కణం జన్యువుల్లో చేరలేదు. తిరగరాయడం మొదలైంది. కానీ విశ్రాంతిలో ఉన్న కణంలో డీఎన్‌ఏ తయారీకి కావలసిన ముడిసరుకు బహు తక్కువ. శామ్‌హెచ్‌డీ1 అనే ప్రొటీన్ దాన్ని అలా తగ్గించి ఉంచుతుంది. దాంతో రాత సగంలో ఆగిపోయింది, తెగిన డీఎన్‌ఏ ముక్కలు కణంలో పోగుపడ్డాయి. ఉండకూడని చోట డీఎన్‌ఏ ఉందని ఐఎఫ్‌ఐ16 అనే ప్రొటీన్ పసిగట్టింది. కాస్పేస్-1 అనే ఎంజైమ్ మేలుకుంది. ఇక అక్కడి నుంచి వెనక్కి తిరిగే దారి లేదు. కణం పొరకు రంధ్రాలు పడతాయి, నీరు లోపలికి చేరుతుంది, కణం ఉబ్బి పగిలిపోతుంది. లోపల ఉన్నదంతా బయటికి చిందుతుంది. దాంతో పాటే ఐఎల్-1 బీటా అనే, వాపును రేపే సంకేతం కూడా.

ఈ రకం చావును పైరోప్టోసిస్ అంటారు. కణం తనంతట తాను ముడుచుకుని, చుట్టుపక్కలకు తెలియకుండా పోయే అపోప్టోసిస్ అనే పద్ధతి ఒకటుంది. ఇది అలాంటిది కాదు. పగిలిన చోట వాపు రేగుతుంది, ఆ వాపు సంకేతానికి కొత్త సీడీ4 కణాలు అక్కడికి చేరతాయి, వచ్చినవి మళ్లీ సోకిన కణాల్ని ఆనుకుంటాయి, పగులుతాయి. వైరస్‌కు ఈ కణాల వల్ల దక్కింది ఏమీ లేదు. ఒక్క కొత్త వైరస్ కూడా పుట్టలేదు. అయినా కణం పోయింది. తనను కాపాడుకోవడానికి పెట్టుకున్న హెచ్చరిక యంత్రాంగమే దాన్ని చంపింది.

హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల గ్రంథి ముక్కల్లో కూడా వాళ్లు ఇదే చూశారు. టీ కణాల ప్రాంతంలో, వైరస్ ఉత్పత్తి అంతగా లేని చోట, కాస్పేస్-1 చురుగ్గా ఉంది. వైరస్ నిజంగా పెరుగుతున్న కణాలు మాత్రం అపోప్టోసిస్ దారిలో పోతున్నాయి. 2015లో ఇంకో సంగతి బయటపడింది. రక్తం నుంచి తీసిన సీడీ4 కణాలు ఇలా పగిలిపోవు. వాటినే లింఫు కణజాలపు కణాలతో కలిపి ఉంచితే అవీ పగలడం మొదలుపెడతాయి. ఈ చావుకు కణానికి కణం తగిలే ఇరుకు కావాలి, ఆ పరిసరం కావాలి. అంటే సీడీ4 తగ్గిందని మనకు చెప్పేది రక్తమే అయినా, ఆ తగ్గుదల జరిగే చోటు రక్తం కాదు.

ఫాలికల్‌లో దాక్కున్న వైరస్

టీ కణాల ప్రాంతంలో జరిగేది ఇదైతే, పక్కనే ఉన్న ఫాలికల్స్‌లో కథ వేరు. ఫాలికల్ నడిమధ్యన ఫాలిక్యులర్ డెండ్రైటిక్ కణాలు ఉంటాయి. పేరులో పోలికున్నా ఇవి ముందు చెప్పిన డెండ్రైటిక్ కణాలు కావు, ఎక్కడికీ కదలవు. పొడవాటి కొమ్మల్ని చుట్టూ పరుచుకుని, యాంటీబాడీలు అంటుకున్న క్రిముల్ని తమ పైపొర మీద పట్టి ఉంచి బీ కణాలకు చూపిస్తూ ఉంటాయి. బీ కణాలు వాటిని చూసి చూసి మెరుగైన యాంటీబాడీలు తయారుచేయడం నేర్చుకుంటాయి. ఏ టీకా పనిచేయాలన్నా ఈ పని జరగాల్సిందే.

ఇవి హెచ్‌ఐవీని కూడా అలాగే పట్టి ఉంచుతాయి. కాకపోతే హెచ్‌ఐవీ ఆ కొమ్మల మీద చావదు. నెలల తరబడి సోకే శక్తి పోగొట్టుకోకుండా అక్కడే అంటుకుని ఉంటుంది. యాంటీబాడీలు చుట్టేసిన వైరస్ కూడా ఈ కణాల మీదకు చేరాక మళ్లీ పక్కకణానికి సోకగలదని 1995లోనే చూపించారు. ఇక ఆ కొమ్మల మధ్యే తిరుగుతూ ఉంటాయి టీ ఫాలిక్యులర్ హెల్పర్ కణాలు, అంటే సహాయక కణాలు. ఇవి సీడీ4 కణాల్లో ఒక రకం, బీ కణాలకు చేయూతనివ్వడమే వీటి పని. ఎప్పుడూ ఉత్తేజితంగా ఉంటాయి, వైరస్ అంటుకున్న కొమ్మల్ని ఒరుసుకుంటూ ఉంటాయి. గ్రంథుల్లో వైరస్ ఉత్పత్తికి ప్రధాన స్థావరం ఇవేనని 2013లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో పాంటలేయో బృందమే చూపించింది. మిగతా సీడీ4 కణాలు తగ్గిపోతుంటే చాలామంది రోగుల్లో ఇవి సంఖ్యలో పెరుగుతాయి కూడా. సంఖ్య పెరిగినా పని చెడుతుంది. బీ కణాలకు సరైన సాయం అందదు. యాంటీబాడీలు అవసరానికి మించి పుడతాయి, వాటిలో పనికొచ్చేవి తక్కువ. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు కొన్ని టీకాలు సరిగ్గా పట్టకపోవడానికి ఇది ఒక కారణం.

మరి సోకిన కణాల్ని చంపే సీడీ8 కణాలు ఏం చేస్తున్నట్టు? అవి ఫాలికల్ అంచు దాకా వచ్చి అక్కడే ఆగిపోతాయి. లోపలికి వెళ్లడానికి సీఎక్స్‌సీఆర్5 అనే గ్రాహకం కావాలి, ఎక్కువ భాగం సీడీ8 కణాలకు అది ఉండదు. బీ కణాలు నిశ్చింతగా పనిచేసుకోవడానికి ఏర్పడిన ఏర్పాటది. దాన్నే వైరస్ తన దాపుగా చేసుకుంది. 2015లో అమెరికాలో లూయిస్ పికర్ బృందం కోతుల్లో ఈ సంగతిని తేటతెల్లంగా నిరూపించింది. హెచ్‌ఐవీని పోలిన కోతుల వైరస్‌ను మందుల్లేకుండానే అదుపులో పెట్టుకోగల కోతులు కొన్నుంటాయి. వాటి గ్రంథుల్లో వెతికితే వైరస్ ఉత్పత్తి దాదాపుగా ఫాలికల్‌లోని ఆ సహాయక కణాలకే పరిమితమై ఉంది. సీడీ8 కణాల్ని తాత్కాలికంగా తీసేస్తే వైరస్ గ్రంథి అంతటా పాకింది. అవి తిరిగొచ్చాక మళ్లీ ఫాలికల్‌లోకి ముడుచుకుంది.

ఆఫ్రికాలో కొన్ని కోతిజాతులకు ఇలాంటి వైరస్ తరతరాలుగా సోకుతూనే ఉంది, వాటి రక్తంలో వైరస్ దండిగా ఉంటుంది, కానీ జబ్బు రాదు. సూటీ మాంగబీ కోతి, ఆఫ్రికన్ గ్రీన్ మంకీ అలాంటివి. వాటి గ్రంథులు చెక్కుచెదరకుండా ఉంటాయి. గ్రీన్ మంకీల్లో సహజ హంతక కణాలనే మరో రకం కణాలు ఫాలికల్స్‌లోకి వెళ్లగలవని, అక్కడ వైరస్‌ను పెరగనివ్వవని 2017లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు చూపించారు. రక్తంలో వైరస్ ఎంత ఉంది అనేదాని కంటే గ్రంథి నిలిచిందా లేదా అన్నదే ఈ జబ్బు గతిని నిర్ణయిస్తుందని నేను గట్టిగా నమ్మడానికి ఈ కోతులే కారణం.

పీచుల అల్లిక గట్టిపడితే

ఏళ్ల తరబడి వాపు రేగుతున్న ఏ అవయవంలోనైనా చివరికి మచ్చ కడుతుంది. కాలేయంలో అదే జరుగుతుంది, గ్రంథిలోనూ అదే. మిన్నెసోటాలోనే టిమొతీ షాకర్, హాసే బృందం గ్రంథుల కోతల్లో కొలాజెన్ పీచును కొలిచారు. టీ కణాల ప్రాంతంలో కొలాజెన్ ఎంత పేరుకుంటే సీడీ4 సంఖ్య అంత తక్కువగా ఉంది. వాపును అణచడానికి శరీరం విడుదల చేసే టీజీఎఫ్ బీటా అనే సంకేతమే ఈ పీచు పేరుకోవడానికి దారితీస్తుంది.

అల్లిక కణాల సంగతి ఇక్కడికి దాచి ఉంచాను. అవి టీ కణాలకు దారి చూపడమే కాదు, ఐఎల్-7 అనే పోషక సంకేతాన్ని కూడా అందిస్తాయి. అది అందకపోతే టీ కణం ఎక్కువ కాలం బతకదు. కొలాజెన్ మధ్యలో అడ్డుపడితే టీ కణానికి ఆ అందుబాటు తెగిపోతుంది. మరో వైపు, అల్లిక కణాలు బతకాలంటే టీ కణాలిచ్చే లింఫోటాక్సిన్ బీటా అనే సంకేతం కావాలి. టీ కణాలు తగ్గితే అల్లిక కణాలూ చచ్చిపోతాయి. పందిరి పోతే తీగ నేలపాలవుతుంది, అది అందరికీ తెలిసిందే. ఇక్కడ తీగ పోతే పందిరి కూడా కూలుతుంది. రెండూ ఒకదాన్నొకటి కిందికి లాక్కుంటూ పోతాయి.

మందులు వాడుతూ, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందన్న లెక్క) పరీక్షకు దొరకని స్థాయికి పడిపోయినా కొందరికి సీడీ4 ఎంతకీ 300, 350 దాటదు. "మాత్ర ఒక్క రోజు కూడా మానలేదు సార్, ఎందుకు పెరగడం లేదు?" అని వాళ్లు అడుగుతారు. వాళ్లు మందు మానారని అనుమానించేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. మందు తన పని చేసింది, వైరస్‌ను ఆపింది. కొత్త కణాలు వచ్చి నిలవడానికి గ్రంథిలో చోటు మిగలకపోవడం చాలా సందర్భాల్లో కారణాల్లో ఒకటి. ఏఆర్‌టీ మందుల్లో ఏదీ పేరుకున్న కొలాజెన్‌ను కరిగించదు. ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లలో ఈ ఇబ్బంది ఎక్కువగా కనిపించడానికీ ఇది ఒక ముఖ్య కారణం.

"బాగానే ఉంది కదా" అన్న ప్రశ్నకు 2015లో స్టార్ట్ అనే పెద్ద అధ్యయనం అంకెల్లో జవాబిచ్చింది. 35 దేశాల్లో, సీడీ4 500 పైన ఉన్న 4,685 మందిని తీసుకున్నారు. సగం మందికి వెంటనే మందులు మొదలుపెట్టారు, సగం మందిని 350కి తగ్గేదాకా ఆగమన్నారు. వెంటనే మొదలుపెట్టినవాళ్లలో తీవ్రమైన జబ్బులు, మరణాలు కలిపి 57 శాతం తక్కువ. మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. అప్పట్లో సీడీ4 200 కిందికి వస్తేనే మందులిచ్చేవారు, తర్వాత ఆ గీత 350కి జరిగింది. 2017 నుంచి గీతే లేదు. పాజిటివ్ అని తేలితే సీడీ4 ఎంతున్నా మందులు మొదలుపెడతారు. 200 దాకా ఆగాల్సి వచ్చిన తరం గ్రంథులకు జరిగిన నష్టం తలుచుకుంటే, ఈ మార్పు ఎంత విలువైనదో అర్థమవుతుంది.

మందులు ఆపేదీ ఆపలేనిదీ

మందులు వాడుతున్నంత కాలం కొత్త కణాలకు వైరస్ సోకడం దాదాపుగా ఆగుతుంది. రక్తంలో వైరస్ పరీక్షకు దొరకని స్థాయిలో నిలిస్తే లైంగికంగా మరొకరికి సోకదు. గ్రంథుల్లో వైరస్ మిగిలి ఉందని చదివి ఈ విషయంలో ఎవరూ భయపడనక్కర్లేదు. అది వేలాది జంటల్ని ఏళ్ల తరబడి గమనించి తేల్చిన మాట.

మిగిలిపోయేది మాత్రం మొండిది. తన జన్యువుల్లో వైరస్‌ను దాచుకుని మౌనంగా ఉండే సీడీ4 కణాలు ఉంటాయని 1997లో మూడు బృందాలు వేర్వేరుగా కనుక్కున్నాయి. రాబర్ట్ సిలిసియానో బృందం తర్వాత కట్టిన లెక్క ప్రకారం అలాంటి కణాలు సగానికి తగ్గడానికి సుమారు 44 నెలలు పడుతుంది. పూర్తిగా పోవాలంటే 73 ఏళ్లకు పైనే. మందులు ఆపితే వైరస్ చాలామందిలో కొన్ని వారాల్లోనే తిరిగి రావడానికి కారణం ఇదే. దీర్ఘకాలం చికిత్సలో ఉన్నవాళ్ల గ్రంథుల్లో, మళ్లీ పెరగగల వైరస్ ఎక్కువగా దొరికేది ఫాలికల్‌లోని సహాయక కణాల్లోనేనని 2016లో లోజాన్ బృందం చూపించింది. కొన్ని మందులు గ్రంథుల్లోకి రక్తంలో ఉన్నంత మోతాదులో చేరడం లేదని 2014లో ఒక అధ్యయనం చెప్పింది. దానివల్ల అక్కడ వైరస్ కొద్దికొద్దిగా పెరుగుతూనే ఉందా అన్నది పరిశోధకుల మధ్య ఇంకా తెగని వాదం. పూర్తి నివారణ కోసం వెతికేవాళ్లు సీడీ8 కణాల్నో, సహజ హంతక కణాల్నో ఫాలికల్ లోపలికి పంపే దారుల మీద ఇప్పుడు పనిచేస్తున్నారు.

మెడలో బిళ్ల కనిపిస్తే

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2021 అంచనాల్లో వయోజనుల్లో హెచ్‌ఐవీ దేశ సగటు 0.21 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47. అంటే ఈ బిళ్లల సంగతి మన రెండు రాష్ట్రాల్లో చాలా ఇళ్లకు సంబంధించింది.

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో మెడ, చంక వంటి రెండు మూడు చోట్ల, సెంటీమీటరు మించిన గ్రంథులు, నొప్పి లేకుండా మూడు నెలలకు పైగా అలాగే ఉండిపోవచ్చు. తొలి దశలో ఇది సాధారణం. వైరస్‌తో తలపడుతూ ఫాలికల్స్ ఉబ్బడం వల్ల వచ్చే వాపది. జబ్బు బాగా ముదిరాక ఆ వాపు తగ్గిపోతుంది. గ్రంథి లోపల కణాలు, ఫాలికల్స్ అంతరించి మచ్చ మిగలడం వల్ల తగ్గేది కాబట్టి, మందులు లేకుండా బిళ్లలు కరిగాయని సంతోషపడకూడదు.

ఒకే వైపు పెరుగుతూ పోయే గ్రంథి, ఒకదానికొకటి అతుక్కుపోయిన గ్రంథులు, మెత్తబడి చీము పట్టినవి, సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉంటే మన దగ్గర ముందు అనుమానించాల్సింది క్షయ. ఊపిరితిత్తుల బయట వచ్చే క్షయల్లో మన దేశంలో గ్రంథులదే మొదటి స్థానం. పాతవాళ్లు గండమాల అనేది దాన్నే. సన్నటి సూదితో గ్రంథి నుంచి కొద్దిగా తీసి పరీక్షిస్తే తెలుస్తుంది, ఆపరేషన్ అక్కర్లేదు. కొన్నిసార్లు అది లింఫోమా అనే క్యాన్సర్ కావచ్చు. అప్పుడు ముక్క తీసి పరీక్షించాల్సి ఉంటుంది.

మరొకటి ఉంది, దీని గురించి ముందే చెప్పకపోతే చాలామంది కంగారు పడతారు. ఏఆర్‌టీ మొదలుపెట్టిన తొలి వారాల్లో, మూడు నెలల లోపు, ఉన్నట్టుండి గ్రంథులు పెద్దవై జ్వరం రావచ్చు. మందు పడలేదనుకుని మాత్రలు మానేసేవాళ్లున్నారు. నిజానికి అక్కడ జరుగుతున్నది దానికి పూర్తిగా వ్యతిరేకం. వైరస్ తగ్గి, తిరిగి బలం పుంజుకున్న సీడీ4 కణాలు గ్రంథిలో అప్పటిదాకా గమనించకుండా వదిలేసిన క్షయ క్రిముల మీద ఒక్కసారిగా విరుచుకుపడుతున్నాయి. దీన్ని ఐరిస్ అంటారు. చాలా సందర్భాల్లో ఏఆర్‌టీ ఆపకుండానే క్షయకు మందులిచ్చి, అవసరమైతే వాపు తగ్గించే స్టెరాయిడ్ కొద్ది రోజులు ఇచ్చి సరిచేస్తారు. అలాంటి వాపు వస్తే సొంతంగా మాత్రలు ఆపకుండా, తర్వాతి తేదీ కోసం ఆగకుండా, మరుసటి రోజే ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్లి చూపించుకోవాలి. వెళ్లలేని పరిస్థితి ఉంటే 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి సలహా అడగవచ్చు.